జుట్టు కత్తిరించుకున్న రీలు

సౌదీలో సినిమా హాళ్లు మళ్లీ తెరిచిన కొన్నేళ్లకు, ఒక చలికాలం, అల్ ఖోబర్‌లోని ఒక కళాకేంద్రంలో నన్ను సీనియర్ ఆపరేటర్‌గా వేశారు. నంద్యాలలో ముప్పై ఏళ్లు ఫిల్మ్ ఆడించినవాణ్ణి. అక్కడ ఆ పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ గర్వమే నా కొంప ముంచబోయింది.

ఆ వారం వచ్చింది మూకీల చివరి రోజుల నాటి విదేశీ చిత్రం. పొసగని రెండు జంటల ప్రేమకథ. ఐదు రీళ్లు, అంకెలు వేసిన ఐదు డబ్బాలు. లోకంలో మిగిలిన ప్రింటు అదొక్కటేనని, ఒక్క అడుగు తెగినా మా కంపెనీదే పూచీ అని కాగితాల్లో రాసి ఉంది.

ఆటకు ముందు ప్రింటంతా చేత్తో తిప్పి చూసుకోవడం పద్ధతి. నాలుగో డబ్బాలో భార్యాభర్తలు ఒకే బల్ల దగ్గర భోంచేస్తున్నారు. ఐదో దాంట్లో ఆమె ఇంకొకడితో పడవెక్కి పోతోంది. 'సమాప్తం' ముక్క ఎప్పుడో చిరిగిపోయింది. నంద్యాలలో ఒకే ప్రింటును రెండు హాళ్లు పంచుకునేవి కాబట్టి రీళ్లు ఒక డబ్బాలోవి ఇంకో డబ్బాలోకి పోవడం మామూలే. పైగా నేను ఆడించిన సినిమాల్లో ఆలుమగలు చివరికి కలవాల్సిందే. ఎవరినీ అడక్కుండా ఆ రెండింటి వరుస మార్చేశాను.

ఒక యంత్రం ఆడుతుంటే రెండోదానికి తర్వాతి రీలు ఎక్కించి ఉంచాలి. మూడో రీలు నడుస్తుండగా కేబిన్ కిటికీలోంచి తెర చూశాను. ఆమె నడుము దాకా ఉన్న జుట్టు దువ్వుకుంటోంది. పక్క యంత్రానికి నేను ఎక్కించిన పడవ రీలులో ఆమెది మెడ దాకా కత్తిరించిన జుట్టు. భోజనం బల్ల దగ్గర మాత్రం ఇదే పొడుగు జుట్టు. ఒక్క రీలులో అంత జుట్టు మళ్లీ పెరగదు. డబ్బా మీది అంకెలే నిజం.

మూడో రీలు అయిపోవడానికి ఇక ఏడు నిమిషాలే ఉన్నాయి. హాల్లో ఉన్న మా మేనేజర్ రఫీకి ఇంటర్‌కామ్ చేశాను. అతనిది కడప.

"నాలుగు, ఐదు తిప్పి పెట్టినానప్పా. ఆట ఆపేదా?"

"వద్దు భాయ్, ప్రింటు పంపినోళ్లు ముందు వరసలోనే ఉండారు. మార్చు. తెగిందంటే మాత్రం ఇద్దరికీ ఫైనల్ ఎగ్జిటే, వీసా కొట్టేసి ఇంటికి పంపిస్తారు."

అంత భయం నేను కేబిన్‌లో ఎన్నడూ పడలేదు. ఫిల్మ్ అంచుల రంధ్రాలు చాలాచోట్ల అతుకుల మీదే నిలిచి ఉన్నాయి. తొందరపడి లాగితే తెగుతుంది, నిదానిస్తే తెర తెల్లగా మిగులుతుంది. పడవ రీలు దించి, నాలుగోది పళ్లచక్రాల మీదుగా పోనిచ్చాను. తెర పైమూలలో మొదటి చుక్క కనబడితే మోటారు వేయాలి, రెండో చుక్కకు యంత్రం మారాలి. మొదటి చుక్క వచ్చేసరికి నా వేళ్లు ఇంకా దీపం ముందు ఫిల్మ్‌ను పట్టి ఉంచే గేటు దగ్గరే ఉన్నాయి. రెండో చుక్కకు భోజనం బల్ల తెర మీదికి వచ్చింది.

ప్రింటు ఎక్కడా తెగకుండా ఆట ముగిశాక రఫీ పైకి వచ్చాడు. "ఎందుకు మార్చినావు భాయ్?"

వాళ్లిద్దరూ కలుస్తారనుకున్నానని చెప్పాను. అతను నవ్వలేదు.

తప్పు నాదేనని రిపోర్టులో రాసి సంతకం పెట్టాను. ప్రింటు ఏ వరుసలో వస్తే ఆ వరుసలో ఆడించడం ఆపరేటర్ పని. అనుమానం వస్తే పంపినవాణ్ణి అడగాలి. రిటైరయ్యేదాకా మరే రీలు వరుసా నేను సొంతంగా మార్చలేదు.