వానకు నానని బొమ్మలు

క్రిస్మస్‌కు మా కేసముద్రం ఇంటి వాకిట్లో సత్రంలో చోటు దొరక్క మరియమ్మ యేసును కన్న పశువుల పాక బొమ్మలు నిలబెట్టడం నాకు పంతం. మొదటి ఏడు అట్టతో చేస్తే మంచుకు మెత్తబడి యోసేపు నడుం వంచాడు. మరుసటి ఏడు ప్లైవుడ్ తెస్తే అకాల వానకు ఉబ్బి గొర్రె కాస్తా బర్రె అయింది. నిరుడు మహబూబాబాద్ దుకాణంలో, "గట్టి ప్లాస్టిక్ ఫోమ్ షీటు కొంటపో అన్నా, వానకు నానది, ఎండకు వంగది" అన్నారు.

నేను అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. ఒక ముక్కను బర్రెల కుడితి గోలెంలో మూడు రోజులు నానబెట్టి, మరో మూడు రోజులు మిద్దె మీద ఎండబెట్టాను. చెక్కుచెదరలేదు. మురిసిపోయి మరియమ్మను, యోసేపును, గొర్రెల కాపరులను కోసి, రంగులేసి, కింద గడ్డి పరిచాను.

తెల్లారి చూస్తే వాకిలి నిండా కోతులు! ఒక కాపరికి తల లేదు. ఎండావానలను లెక్కేసుకున్నాను గానీ, మా ఊళ్లో కోతులు కూడా వాతావరణమేనని మరిచాను. ఒక తల్లికోతి మాత్రం పిల్లను పొట్టకు కరుచుకుని, మరియమ్మ పక్కనే గడ్డిలో ఒదిగి కూర్చుంది. మండిపోయి కట్టె ఎత్తాను.

వెనకే వచ్చిన మా అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు కొడుకా, పిల్లతల్లి గది. దానికి గూడ యాడ జాగ దొర్కలేదో ఏమో."