అంకితం పేజీలో ఎగిరిపోయిన కోట్స్

కోవిడ్‌కి ముందు ఏడాది. తాడేపల్లిగూడెం బస్టాండు దగ్గర నా డీటీపీ షాపు. పెళ్ళి కార్డులు, చర్చి పాటల పుస్తకాలు, కరపత్రాలు, అన్నీ పాత తెలుగు ఫాంట్‌లోనే కొట్టేదాన్ని. ప్రెస్సు వాళ్ళకి అదే అలవాటు.

ఆ ఫాంట్‌తో ఓ పేచీ ఉంది. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు అక్షరాల్ని కూర్చోబెట్టారు. ఎవరో అన్న మాటకి అటూ ఇటూ పెట్టే గుర్తు, అదే కోట్, మనం కొడితే సాఫ్ట్‌వేర్ దాన్ని అందంగా వంచుతుంది. దీన్నే స్మార్ట్ కోట్స్ అంటాం. ఆ వంపు కోట్ గదిలో మా ఫాంట్‌కి ఓ వత్తు ఉంది. ఇంకేముంది, కోట్ ఉండాల్సిన చోట వత్తు వేలాడుతుంది! ఆ సెట్టింగ్ ఆపి, ఒక్కో కోట్‌నీ ఇంగ్లీషు ఫాంట్‌లోకి మార్చాలి. నాకు ఒళ్ళు మండేది. చాలాసార్లు కోట్స్ కొట్టడమే మానేసేదాన్ని. ఎవరూ అడగలేదు కూడా.

రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన తన జ్ఞాపకాలు పుస్తకంగా వేయించుకుంటానని వచ్చారు. గణపవరంలో ఉండే తమ్ముడితో చేపల చెరువు పంపకాల్లో గొడవపడి ఇరవై ఏళ్ళుగా మాటల్లేవు. పుస్తకం ఆ తమ్ముడికే అంకితం.

“ఎదురుగా వెళ్ళి క్షమించమని అడగలేనమ్మా. అచ్చులో అడుగుతాను,” అన్నారు.

ఆయన కళ్ళకి ఆపరేషనైంది. ప్రూఫ్ కోడలు చదివి వినిపించిందట. చెవికి కోట్స్ వినబడవు కదా. బాగుందని ఆ ప్రూఫే తమ్ముడికి పంపేశారు.

నాలుగో రోజు మాస్టారు షాపుకొచ్చారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. “తమ్ముడు తిప్పి పంపేశాడమ్మా. చూడు.”

అంకితం పేజీలో రెండే లైన్లు.

నా తమ్ముడికి

ఇక నా గడప తొక్కకు.

ఆనాడు చెరువు గట్టు మీద మాస్టారు అన్న మాట అది. రాతప్రతిలో దానికి ఎర్ర సిరాతో కోట్స్ పెట్టారు. ఆ మాటకి క్షమాపణ వెనక పేజీలో మొదలవుతుంది. తమ్ముడు పేజీ తిప్పలేదు.

“వాణ్ణి మళ్ళీ అన్నట్టయిందమ్మా,” అన్నారు మాస్టారు. నన్ను తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

రాతప్రతి అడిగి తీసుకుని గణపవరం బస్సెక్కాను. మాస్టారి పుస్తకం టైపు కొట్టింది నేనేనని చెప్పగానే తమ్ముడుగారు గుమ్మంలోనే నిలబెట్టేశారు.

“మీ మాస్టారు పంపారా?”

“లేదండీ, నేనే వచ్చాను. తప్పు నాదండీ. ఆయన పెట్టిన గుర్తులు నేనే ఎగరగొట్టాను,” అని పేజీ చూపించాను.

ఎర్ర సిరా మీద వేలు పెట్టి చూశారు. “అయితే ఇది అప్పటి మాటేనా?”

“అవునండీ. వెనక్కి తిప్పండి.”

తిప్పారు. నిలబడే చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు. రాసిన మనిషి పెట్టిన చుక్కనైనా సరే, అడక్కుండా తీసే హక్కు టైపు కొట్టేవాళ్ళకి లేదని ఆ గుమ్మం ముందే నాకు తెలిసొచ్చింది. ఇప్పటికీ విసుక్కుంటూనే ప్రతి కోట్‌నీ మారుస్తాను.

ఆయన కాగితాలు మడిచి, లోపలికి కేకేశారు.

“నా చెప్పులెక్కడ పెట్టారే? అన్నయ్య దగ్గరికెళ్ళొస్తాను.”