చీర కట్టుకుంటే కాఫీ తెమ్మన్నారు

సెలవులని డ్యూసెల్‌డార్ఫ్ నుంచి ఇటలీలోని సియెనా వచ్చాం. పాత వీధిలో ఒక ఇంట్లో గది తీసుకున్నాం. పొద్దున టిఫిను వాళ్లే పెడతారు. ఇవాళ పెద్ద చర్చి చూడటానికి వెళ్తున్నామని ముచ్చటపడి మంగళగిరి చీర కట్టుకుని కిందికి దిగాను.

టిఫిన్ల గదిలో పండ్లు పెట్టుకుంటుంటే, పక్క బల్ల దగ్గరి జర్మన్ ఆవిడ ఖాళీ కప్పు నా చేతిలో పెట్టి, తలైనా ఎత్తకుండా ఇంకో కాఫీ తెమ్మంది. నేనూ ఇక్కడ దిగినదాన్నేనని జర్మన్‌లోనే చెప్పి, కప్పు ఆవిడ ముందే పెట్టేశాను. సారీ చెబుతుందనుకున్నాను. "అరే, మీ జర్మన్ చాలా బాగుందే!" అని మెచ్చుకుంది.

ఒళ్లు మండిపోతూ వచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన బ్రెడ్డుకు వెన్న రాసుకుంటూ, "పోనీలేవే, చీరలో ఉన్నావు కదా, ఇక్కడ పనిచేసేదానివనుకుని ఉంటుంది," అన్నారు.

"ఈ ఊళ్లో పనిచేసేవాళ్లంతా చీరలు కడుతున్నారా ఏంటండీ?"

ఆయన ఇంకో బ్రెడ్డు ముక్క తీసుకున్నారు.

రోజంతా ఊరు తిరిగినా నా కోపం చల్లారలేదు. ఆవిడెవరో నాకు తెలియదు, ఈయన తెలిసిన మనిషే కదా! మీకైతే ఎవరి మీద ఎక్కువ కోపం వచ్చేది?