నీలం మందు పెట్టిన తువ్వాల

మా చుట్టూ అన్నీ అంగళ్లే. ఆదోనిలో మా నాయనది బట్టల అంగడి, పక్కన మామ పప్పుల అంగడి, ఎదురుగా ఇత్తడి సామాన్లు. ఎదుటివాడి సరుకు చూసి ముక్కు చిట్లించడం నాకు మాటలకంటే ముందే వచ్చింది. అందుకే డెబ్బైల దశకంలో, అమ్మ ఎన్నేళ్లుగానో అనుకుంటున్న ఒంటిరాయి కమ్మలకు వజ్రాలు కొనే రోజు వచ్చినప్పుడు, రాళ్లు ఏరే పని నేనే మీదేసుకున్నాను. రెండే రాళ్లు. కానీ జోడీ కుదరాలి. ఒక చెవిలో తెలుపు, ఒక చెవిలో పసుపు ఉంటే, పేరంటానికి పోయినచోటల్లా ఆడవాళ్ల కళ్లు అక్కడే ఆగుతాయని అమ్మ భయం.

"బట్ట కాదురా, సింపి సూసేకి," అన్నాడు నాయన.

రాళ్ల వ్యాపారి పరుపు మీద కూర్చుని పొట్లం విప్పాడు. లోపల లేత నీలం కాగితం. దాని సంగతి నేను ముందే విన్నాను. నీలం మీద పెడితే రాయిలో పసుపు ఛాయ అణిగి తెల్లగా కనిపిస్తుంది.

"నీ కాగితం మీద నేను సూడనన్నా," అని భుజం మీది తెల్ల ఎమ్మిగనూరు తువ్వాల తీసి పరిచాను. అప్పుడే ఉతుకు నుంచి వచ్చింది, మడత నలగలేదు.

ఆయన తువ్వాలను చూశాడు, నన్ను చూశాడు. "నీ ఇష్టమప్పా," అన్నాడు.

వాకిలి వెలుతురులోకి జరిగి, రాళ్లను బోర్లించి, ఒక కన్ను మూసి చూశాను. ఒకదానిలో మచ్చ, ఒకదాని అంచు పెచ్చు లేచింది, ఇంకొకటి గాజుముక్కలా చప్పగా ఉంది. అన్నిటికీ వంక పెట్టి చివరికి రెండు ఏరాను. ఇక బేరం. ధర తగ్గించకపోతే పోతానన్నట్టు చెప్పులు తొడుక్కుని వీధిలోకి దిగాను. ఆయన పిలవలేదు. నేనే వెనక్కి వచ్చి ఆయన చెప్పిన ధరకే ఒప్పుకున్నాను.

మా వైపు వజ్రం ఆ రోజే ఖాయం కాదు. తెచ్చి దేవుని గూట్లో కొన్నాళ్లు పెట్టుకుంటారు. ఇంట్లో జ్వరమో జగడమో వస్తే అచ్చిరాలేదని తిరిగి ఇచ్చేస్తారు. దానికి వ్యాపారి అడ్డం చెప్పడు.

మరునాడు పొద్దున అమ్మ దీపానికి వత్తులు చేస్తూ, ఆ రాళ్లను ఒళ్లోని పత్తి మీద బోర్లించి నోటి ఆవిరి ఊదింది. మెరుపు మసకబారి అసలు రంగు తేలింది. ఒకటి పత్తిలో కలిసిపోయింది. రెండోది నెయ్యి చుక్కలా నిలిచింది.

"ఆడ తెల్లగానే ఉన్నిందమ్మా," అన్నాను.

"దేని మీద పెట్టి సూసినావు?"

తువ్వాల చూపించాను. పత్తి పక్కన పెట్టేసరికి అది తెలుపు కాదు, ఆకాశం. తెల్లబట్టకు నీలం మందు దండిగా పెట్టమని ఇంట్లో గోల చేసేది నేనే.

"ఆయప్ప నీలం కాయితం వద్దని, నీ నీలం గుడ్డ పరిసి వచ్చినావు," అంది అమ్మ. ఈసారి తనూ వస్తానంది. నేను నోరు తెరవకూడదని షరతు.

"అచ్చిరాలేదప్పా," అంటూ పసుపు రాయిని వ్యాపారి ముందుకు జరిపింది.

"ఎవురికన్నా జరమొచ్చెనామ్మా?"

"జరం కాదు. మావానికి తెలివొచ్చె."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "తువ్వాల పరిసినప్పుడే అనుకుంటి."

షరతు మరిచిపోయాను. "మరి సెప్పొచ్చు గదన్నా?"

"బేరమాడేటోడు సెప్తే ఇంటాడా అప్పా?"

అమ్మ కొంగు ముడి విప్పి పత్తి తీసింది. తెల్లరాయి పక్కన ఒక్కొక్కటే పెట్టి, ఊది, ఒకదాని దగ్గర ఆగింది.

"దాంట్లో మచ్చ ఉండాదమ్మా," అన్నాను.

"అంచులో ఉండాది. బంగారు కట్టు కింద దాగిపోతాది. రంగును యాడ దాస్తావు?"

ఆ మచ్చనే చూపించి ధర తగ్గించింది. చెప్పుల దాకా పోనేలేదు.

కమ్మలు తయారై వచ్చిన రోజు అమ్మ అద్దం దగ్గరికి పోలేదు. వాకిట్లో ఎండకు నిలబడి, తల అటూ ఇటూ తిప్పి నన్ను అడిగింది.

"రెండూ ఒకటే ఉండాయా?"

"ఒకటే ఉండాయమ్మా."

"తువ్వాల లేకపోయినా ఒకటిగానే కనపడతాండాయా?"