రైట్ అన్నాకే నీళ్లు

ఈ ఉదయం పెరట్లో పీట మీద కూర్చుని కాళ్లు చాపగానే కాగే నీళ్ల ఆవిరి, సున్నిపిండి వాసన కలిసి ముక్కుకు తగిలాయి. వెంటనే మా మామగారు గుర్తొచ్చారు. ఆయన బస్సు డ్రైవరుగా రిటైరయ్యారు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పసిపిల్లలకు నీళ్లు పోయడం మాత్రం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

నా భార్య సుజాతకు ఊహ తెలియకముందే తల్లి పోయింది. మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు, పురిటికి ఎక్కడ ఉంచాలన్నది మా ఇంట్లో పెద్ద చర్చ. ఆడదిక్కు లేని ఇంట్లో బాలింతను ఎలా వదిలేస్తామని మా అమ్మ. అనకాపల్లిలో తండ్రి దగ్గరికే వెళ్లి తీరతానని సుజాత. అందరు ఆడపిల్లల్లాగే తనకూ ఒక పుట్టిల్లు ఉందని అనిపించుకోవాలని ఆమె పట్టుదల. నేను పరవాడ కంపెనీ షిఫ్టులు సాకు పెట్టుకుని ఎటూ మాట్లాడలేదు. అది నాకు బాగా వచ్చిన విద్య. చివరికి సుజాత మాటే నెగ్గింది. కానీ పిల్ల పుట్టాక, దాని స్నానం చూసి, నచ్చకపోతే ఇద్దరినీ వెనక్కి తెచ్చేస్తానని మా అమ్మ కూడా బయలుదేరింది.

మామగారు లుంగీ పైకి మడిచి పీట మీద కూర్చున్నారు. మొదటి చెంబు తన పిక్కల మీదే పోసుకుని వేడి చూసుకున్నారు. పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకున్నారు. ఆ తరువాత కదలలేదు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. చెంబు ఆయన చేతిలో అలాగే ఉంది.

"ఏటన్నయ్యా, బయమేత్తందా?" అంది మా అమ్మ. పిల్లను అందుకోవడానికి అప్పటికే చేతులు చాచింది.

"బయం కాదు సెల్లెమ్మా. ఎవులైనా రైట్ సెప్పాల."

అందరం మొహమొహాలు చూసుకున్నాం. ఆయన గుమ్మంలో ఉన్న సుజాత వైపు చూపించారు.

"దీని తల్లి పోయినప్పటికి ఇది ఇంతే ఉండీది. డూటీకెల్లీ ముందు నానే నీల్లు పోసీవోణ్ని. మా కండట్రు నన్ను పిలవడానికొచ్చి గుమ్మం కాడ నిలబడీవోడు. నీల్ల ఏడి సూసి, తువ్వాలు సూసి, రైట్ అనీవోడు. అప్పుడే పోసీవోణ్ని. డ్రైవరికి అన్నీ అవుపడవు కదా సెల్లెమ్మా."

మా అమ్మ నీళ్లలో చెయ్యి పెట్టి చూసింది. తువ్వాలు భుజాన వేసుకుంది. పిల్ల మెడ కింద ఆయన చెయ్యి ఎలా ఉందో వంగి మరీ చూసింది. చివరికి కాస్త సిగ్గుపడుతూ "రైట్" అంది. సుజాత హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది. ఆ సాయంత్రం మా అమ్మ ఒక్కతే బస్సెక్కి ఇంటికి వచ్చేసింది.

తరువాత నేను సెలవు రోజున వెళ్తే నన్నూ పీట మీద కూర్చోబెట్టారు. "మీరూ పొయ్యాల బాబూ. ఆడోల్లే పొయ్యాలని ఎవులు సెప్పేరు?" నేను తొందరపడి రైట్ వినపడకముందే చెంబు వంచితే మణికట్టు పట్టుకుని ఆపేవారు. ఆయన మీద నాకు గొప్ప ప్రేమ ఉండేదని చెప్పలేను. నమ్మకం ఉండేది. అంత నమ్మకం నాకు మరొకరి మీద లేదు.

కిందటి వానాకాలం ఆయన పోయారు. కర్మలన్నీ అయ్యాక సుజాత ఆయన మాట ఎత్తడమే మానేసింది. రెండో పురుడు మాత్రం ఆ ఇంట్లోనే అంది. అక్కడ ఎవరున్నారని ఈసారి మా అమ్మ అడగలేదు. తనే మూట సర్దుకుని మాతో వచ్చింది.

ఈ ఉదయం బాబును కాళ్ల మీద వేసుకున్నాను. అమ్మ నీళ్లు తాకి చూసింది, తువ్వాలు భుజాన వేసుకుంది, నోరు తెరిచింది. మాట రాలేదు, కళ్లు తుడుచుకుంది. బాబు ఏడుస్తున్నాడు. వేడి సరిగ్గానే ఉందని నాకు తెలుసు, అయినా ఆ మాట వినకుండా నా చెయ్యి వంగదు. చెంబు పట్టుకుని అలాగే కూర్చున్నాను.

వెనక గుమ్మంలోంచి సుజాత, "రైట్" అంది.

నీళ్లు పోశాను.