ఇరవై గజాల డ్రైవరు

మా ఆయన జీపు కొన్నది నా కోసమే. ఈ మాట ఆయన చుట్టాలందరికీ చెప్పారు, కాశీబుగ్గలో మేం అద్దెకున్న వీధిలో ఇంటింటికీ చెప్పారు, చివరికి ఒకరోజు నాక్కూడా చెప్పారు.

అప్పట్లో, అంటే తొంభైల చివర్లో, నేను ఉద్దానమనే సముద్రపొడ్డు తోటల సీమలో ఒక చిన్న ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచర్ని. పలాసలో బస్సెక్కితే తారు రోడ్డు మీద దించేసి పోయేది. అక్కణ్ణుంచి జీడితోటల మధ్య రెండు మైళ్లు ఇసకలో నడక. చెప్పులు చేత పట్టుకుని, కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని బడికి చేరేసరికి నా మొహం చూసి పిల్లలే చెంబుతో నీళ్లు తెచ్చేవారు. అందుకని మా ఆయన ఏదో సర్కారీ ఆఫీసు వేలంలో ముసలి జీపొకటి పాడుకొచ్చారు. డీజిలు బండి, నాలుగు చక్రాలూ లాగుతాయి, ఇసకలో దానికి తిరుగులేదన్నారు. "వారంలో నీకు నేర్పేస్తాను. నీ బండి నువ్వే నడుపుకుని బడికెళ్లు" అన్నారు. ఆ వారం రావడానికి మూడేళ్లు పట్టింది.

ఆయన టెక్కలిలో కాలేజీ లెక్చరరు, ఫిజిక్సు. అంత చదువుకున్నవాడు బండిని మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లడం నామోషీ అని ఆయన ఉద్దేశం. ఆయనకి తోడు మా తమ్ముడు. వాడిది మా పుట్టిన ఊళ్లో జీడి, కొబ్బరి వ్యవసాయం. ఆదివారం వచ్చిందంటే పొద్దున్నే మా ఇంటి ముందు వాలేవాడు. ఇద్దరూ చొక్కాలు విప్పి బండి కింద దూరితే మళ్లీ భోజనానికే తేలేవారు. ఒకటి బాగుచేస్తే రెండు పాడయ్యేవి.

రేడియేటరు కారుతోందని నా వంటింట్లో పసుపు డబ్బా ఎత్తుకెళ్లి అందులో కుమ్మరించారు. కారడం ఆగిన మాట నిజమే. కానీ బండి వేడెక్కినప్పుడల్లా వీధంతా పులుసు కాగుతున్న వాసన వచ్చేది. ఇంకోసారి మా తమ్ముడు జీడితొక్కల నూనె పూస్తే ఇనుముకి తుప్పు పట్టదని ఓ డబ్బాడు తెచ్చాడు. ఇద్దరూ చేతుల్తోనే పూశారు. ఆ నూనె తగిలితే చర్మం ఊడొస్తుందని ఉద్దానంలో చంటిపిల్లకి కూడా తెలుసు. అందుకే మా తమ్ముడు ముందే చేతులకి ఆముదం రాసుకున్నాడు. బావకి ఎందుకు చెప్పలేదురా అంటే, "లెచ్చరరు కదా, తెల్సనుకున్నాను" అన్నాడు. పదివేళ్లూ బొబ్బలెక్కి మా ఆయన చాలా రోజులు సుద్దముక్క పట్టుకోలేకపోయారు. ఆ రోజుల్లో అన్నం నేనే కలిపి పెట్టాను, నవ్వు ఆపుకుంటూ.

తాళంచెవి మొదటి నెల్లోనే లోపల విరిగిపోయింది. ఆ ముక్క తీయబోయి ఇద్దరూ కలిసి తాళమే గుల్ల చేసి పెట్టారు. అప్పట్నుంచి స్క్రూడ్రైవరు మొన పెట్టి తిప్పితేనే స్టార్టయ్యేది. ఆ స్క్రూడ్రైవరు మా ఆయన చొక్కా జేబులో పెన్ను పక్కన ఉండేది. కాలేజీకి కూడా అది జేబులో పెట్టుకునే వెళ్లేవారు.

ఇందులో నా పని ఒకటుండేది. బ్యాటరీ ఎప్పుడూ నీరసంగా ఉండేది కాబట్టి బండిని తోయాలి. తోసేది మగాళ్లు, స్టీరింగు దగ్గర కూర్చునేది నేను. రెండో గేరు వేసి, క్లచ్చి తొక్కిపట్టి, బండి కదిలాక ఒక్కసారి వదలాలి. ఇంజను అందుకోగానే మళ్లీ తొక్కాలి. బండి దగ్గి, తుమ్మి, లేచేది. అప్పటికి ఇరవై గజాలు వెళ్లి ఉంటాను. మా ఆయన పరుగెత్తుకొచ్చి తలుపు తీసి "దిగు" అనేవారు. దిగేదాన్ని. మగాళ్లిద్దరూ ముందు సీట్లలో, నేను వెనకాల స్టెప్నీ మీద, అలా షికారు. సోమవారం నుంచి మళ్లీ నాకు బస్సే, నడకే. నేర్పుతానన్నారుగా అంటే, "ముందు బండిని ఒక దారికి రానీ" అనేవారు. మూడేళ్లలో ఎన్ని వందల సార్లు ఇరవై గజాలు నడిపానో నాకే తెలీదు. ఆ "దిగు" అన్న మాట వింటే ఒళ్లు మండిపోయేది. నేను నగలడగలేదు, చీరలడగలేదు. నాక్కావలసింది ఇరవై ఒకటో గజం.

గేరు కడ్డీ పక్కన ఇంకో పొట్టి కడ్డీ ఉండేది. ఒకవైపు వేస్తే వెనక చక్రాలు మాత్రమే లాగుతాయి. రెండోవైపు వేస్తే నాలుగూ లాగుతాయి, బండి నెమ్మదిగా, బలంగా పోతుంది. ఏది ఎటో చెప్పే రేకు ఏనాడో ఊడిపోయింది. మా ఆయన ఒక ఆదివారమంతా బండిని రాళ్ల మీదకెత్తి, చక్రాలు తిప్పి చూసి కనిపెట్టారు. మర్చిపోకుండా తెల్ల పెయింటుతో ముందువైపు "మెట్ట" అని, వెనకవైపు "పల్లం" అని రాశారు. ఆయన పుట్టింది టెక్కలి దగ్గర వరిపొలాల్లో. ఆయన లెక్కలో మెట్టంటే గట్టి నేల, రెండు చక్రాలు చాలు. పల్లమంటే మోకాలి లోతు బురద, నాలుగూ కావాలి. రాసేసి, "ఎలగున్నాయి అక్షరాలు?" అని గర్వంగా అడిగారు. చాలా బాగున్నాయన్నాను. నేను ఉద్దానం దాన్ని. మా దగ్గర మెట్టంటే ఏమిటో నాకు తెలుసు. కానీ ఆయన అడిగింది అక్షరాల గురించి.

తర్వాతి ఆదివారం బండికి కొత్త బ్యాటరీ వేశారు. స్క్రూడ్రైవరు పెట్టి తిప్పగానే ఇంజను లేచి కూర్చుంది. ఇద్దరూ ఎగిరి గంతేశారు. నేను గంతెయ్యలేదు. ఇక తొయ్యక్కర్లేదు, నా ఇరవై గజాలు కూడా పోయాయి. "నేనీ రోజు నడుపుతాను" అన్నాను. "కొత్త బ్యాటరీ కదా, ఇంకోసారి చూద్దాం" అన్నారు. కొత్త బ్యాటరీకీ నాకూ ఏం పగో ఆయన చెప్పలేదు.

ఆ రోజు మా పుట్టిన ఊరు దాటి సముద్రం దాకా వెళ్లాలని ప్రయాణం. తోటల్లో దార్లు తనకి తెలుసని మా తమ్ముడు స్టీరింగు పట్టాడు. నేను యథాప్రకారం స్టెప్నీ మీద, ఒళ్లో పులిహోర క్యారియరుతో. ముందు సీట్లో మా ఆయన పాఠం మొదలెట్టారు. "ఇసకలో బండి ఆపకూడదురా. ఆపినావంటే దిగిపోద్ది. మరీ మెత్తగుంటే టైర్లలో గాలి తగ్గించాల. అప్పుడు టైరు ఎడల్పుగా ఆనుతాది." మా తమ్ముడు ఆవలించాడు. విన్నదాన్ని నేనొక్కదాన్నే.

ఊరు దాటాక లోతట్టులో చెమ్మకి గట్టిపడిన నేల ఉంది. అక్కడ మావాడు కడ్డీని బుద్ధిగా "పల్లం" వైపు లాగాడు. బండి గట్టి నేల మీద ముక్కుతూ, తాపీగా పోయింది. అది దాటగానే ఇసక గట్టు. కొబ్బరిచెట్లు, జీడిమామిళ్లు, వాటి వెనక సరుగుళ్లు. మావాడు అంతే బుద్ధిగా కడ్డీని "మెట్ట" వైపు తోశాడు. మా ఆయన సముద్రం కనిపిస్తోందా అని అటు చూస్తున్నారు. ఇరవై గజాలు కూడా వెళ్లకుండా వెనక చక్రాలు సగానికి దిగిపోయాయి.

"ఏటైనాది?" అన్నారు మా ఆయన.

"దిగబడిపోనాది బావా."

"పల్లంలో ఎయ్యలేదేట్రా?"

"పల్లం దాటీసినాం కదేటి? ఇది మెట్ట. మెట్టలో ఏసినాను."

"ఇది ఇసకరా!"

"ఇసకే మెట్ట బావా! కొబ్బరీ జీడీ ఉన్నది మెట్ట కాపోతే మరేటి?"

"మెట్టంటే గట్టి నేల!"

"మా ఊల్లో గట్టిగుండేది పల్లమే. మెట్టలో అడుగెడితే పిక్క దాకా దిగిపోద్ది. కావాలంటే అప్పనడుగు."

ఇద్దరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. "ఇద్దరిదీ రైటే" అన్నాను.

"తెలిసీ ముందే సెప్పలేదేం?" అన్నారు మా ఆయన.

"మీరడిగింది అక్షరాల గురించి కదండీ."

ఆయనకి రోషం వచ్చింది. మావాణ్ణి లేపి తనే కూర్చుని, కడ్డీ "పల్లం" వైపు లాగి, నా మీద కోపమంతా యాక్సిలరేటరు మీద చూపించారు. వెనకనున్న కొబ్బరిచెట్టంతా ఇసక కొట్టుకుంది. బండి పొట్ట నేలకానేసింది. ఇక ఊళ్లోకెళ్లి ఎడ్లు తేవడమే దారని తేల్చారు. "నువ్వు బండి దగ్గరుండు, ఎక్కడికీ పోకు" అన్నారు నాతో. అన్నాక స్క్రూడ్రైవరు పీకి జేబులో పెట్టుకున్నారు. దిగబడిపోయిన బండిని ఎవరెత్తుకుపోతారనో మరి.

వాళ్లు కనుమరుగయ్యాక నేను ముందు పులిహోర తిన్నాను. కోపం మీద తిన్నాను కాబట్టి వాళ్ల వాటా కూడా కొంత తినేశాను. తర్వాత బండి చుట్టూ ఒకసారి తిరిగాను. ఇసకలో అన్నేళ్లు నడిచిన కాళ్లు నావి. విసురుగా అడుగేస్తే దిగిపోతాం, నిదానంగా పాదమంతా ఆనిస్తే తేలతాం. చక్రానికి మాత్రం వేరే న్యాయం ఎందుకుంటుంది?

క్యారియరు మూతతో చక్రాల ముందు ఇసక తోడాను. ఎండు కొబ్బరి మట్టలు ఈడ్చుకొచ్చి పరిచాను. హ్యాండుబ్యాగులో బడిలో గీతలు గీసే అరడుగు స్టీలు స్కేలు ఉంది. దాని మూలతో నాలుగు టైర్లలో గాలి సగం తీశాను. పాఠం చెప్పిన మనిషి తనే మర్చిపోయారు. అదే స్కేలు మూల తాళంలో పెట్టి తిప్పాను. కొత్త బ్యాటరీకి నా మీద ఏ పగా లేదు, ఒక్క తిప్పుకే అందుకుంది. కడ్డీ "పల్లం"లో ఉంది. ఎడమకాలికి క్లచ్చి పాత చుట్టమే. మెల్లగా, చాలా మెల్లగా వదిలాను.

మట్టలు ఫెళఫెళలాడాయి. బండి మూలిగింది, ఆలోచించింది, లేచింది. ఇరవై గజాలు దాటింది. పక్కన ఎవరూ పరుగెత్తుకు రాలేదు. సరుగుళ్ల పక్కనుంచి పెద్ద మలుపు తిప్పి వచ్చిన దారినే పట్టాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు.

గట్టు దిగకముందే ఎదురొచ్చారు. ముందు మా ఆయన, వెనక మా తమ్ముడు, ఆ వెనక ఎడ్ల జతతో ఒక ముసలాయన. "ఆపు! ఆపు!" అని మా ఆయన చేతులూపారు.

"ఇసకలో ఆపకూడదండీ!" అని అరిచి పక్కనుంచి పోనిచ్చాను.

"ఓలప్పో!" అన్నాడు మా తమ్ముడు.

"మరైతే మా ఎడ్లు దేనికి?" అన్నాడు ముసలాయన.

పల్లంలో ఆ చివరికంటా వెళ్లి గట్టి నేల మీద ఆపి ఎదురుచూశాను. చాలాసేపటికి వచ్చారు, చెప్పులు చేతుల్లో పట్టుకుని, చెమటలు కక్కుతూ. మా ఆయన అలవాటు కొద్దీ తిన్నగా నా వైపుకొచ్చి తలుపు తీశారు. ఆయన నోట్లోంచి ఏ మాట వస్తుందో నాకు తెలుసు. స్టీరింగుని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. ఈసారి ఆ మాటంటే దిగకూడదు, మొగుడూ పెళ్లాలం మాట్లాడుకోకుండా ఏడాది గడిచినా సరే.

ఆయన తాళంలో వేలాడుతున్న స్కేలు చూశారు. తన జేబులో స్క్రూడ్రైవరు తడుముకున్నారు. వంగి టైరు నొక్కి చూశారు. తర్వాత తలుపు మెల్లగా వేసేసి, చుట్టూ తిరిగి వెళ్లి, వెనకాల స్టెప్నీ మీద కూర్చున్నారు.

"టైర్లలో గాలి తక్కువుంది, మెల్లగా పోనీ" అన్నారు.