పప్పు, పులుసు, మజ్జిగ

ఎండకు కాగిన టర్ఫ్ మీద నీళ్లు పడగానే ఒక వాసన లేస్తుంది. మట్టి వాసన కాదు. సైకిల్ షాపులో పంక్చర్ వేసేటప్పుడు వచ్చే రబ్బరు వాసనకు కాస్త చల్లదనం తోడైతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఒమాన్‌లోని నిజ్వాలో మా హాకీ మైదానాన్ని ఆటకు ముందు ఇలాగే తడుపుతారు. తడి లేకపోతే బంతి జారదు, మనిషి పడితే చర్మం లేచిపోతుంది. నిన్న సాయంత్రం ఆ వాసన పీలుస్తూ గట్టు మీద కూర్చుని ఉంటే మా క్లబ్బు కెప్టెన్ సయీద్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఒమానీ వాడే అయినా మాతో తిరిగి తిరిగి హిందీ బాగానే పట్టుబడింది. మా ఆటగాడొకడు సీజన్ మధ్యలో కాంట్రాక్టు సొమ్ము కట్టేసి ఇంకో లీగ్‌కు వెళ్లిపోతున్నాడు. రెండు లీగుల జట్లూ కలిసి ఆడే టోర్నీలో వాడి కొత్త జట్టు మాకు ఎదురుపడే అవకాశం ఉంది. "కోచ్, మన సిగ్నళ్లు మార్చేద్దామా? వాడికి అన్నీ తెలుసు కదా" అన్నాడు సయీద్. మస్తాన్ భాయ్ గుర్తొచ్చాడు. ఆయన గుర్తొస్తే నేను ఏ మాటకూ తొందరగా జవాబు చెప్పలేను.

మస్తాన్ భాయ్‌ది కడప. నేను నిజ్వాకు రాకముందు బౌషర్‌లో మేం పనిచేసిన నిర్మాణ కంపెనీలో స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్. మా కంపెనీ హాకీ జట్టుకు ఆయనే గోల్‌కీపర్, ఆయనే కోచ్, అలిగిన వాళ్లను బుజ్జగించి అన్నం తినిపించేదీ ఆయనే. మనిషి వెడల్పు. మోకాళ్లు అరిగిపోయి కూర్చున్నా లేచినా చప్పుడు చేసేవి. నాది ఆర్మూర్ పక్కన పల్లె. స్పోర్ట్స్ హాస్టల్లో హాకీ నేర్చుకున్నాను, ఆ హాకీ కోసమే కంపెనీ నన్ను హెల్పర్ వీసా మీద తెచ్చుకుంది. జట్టు గెలుస్తున్నంత కాలం ఆటగాళ్లకు సగం రోజే డ్యూటీ. మిగతా వాళ్లు ఎండలో సిమెంటు మోస్తుంటే మేం మధ్యాహ్నానికే రూమ్‌కు వచ్చేసేవాళ్లం. ఆ సగం రోజు మాకు ఎంత విలువైనదో ఇక్కడి ఎండ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

మొదటిరోజు నన్ను ఎగాదిగా చూసి, "ఏం ఆడతావు అబ్బీ?" అని అడిగాడు. ఫార్వర్డ్ అన్నాను, కాస్త గొప్పగానే. "అందరూ ముందుకు పరిగెత్తేవాళ్లే వస్తాండారు. ఎనక్కి వచ్చేవాడు యాడుండాడు?" అన్నాడు. ఆ నెలంతా నన్ను వెనక్కే పరిగెత్తించాడు. మనసులో బండబూతులు తిట్టుకున్నాను. ఇవాళ నేను నలుగురికి ఆట నేర్పి బతుకుతున్నానంటే ఆ నెల పుణ్యమే.

మా జట్టులో ఒక వింత ఆచారం ఉండేది. పెనాల్టీ కార్నర్ దొరికినప్పుడు గోల్ గీత మీద నుంచి ఒకడు బంతిని బయటికి నెడతాడు, దూరంగా ఒకడు దాన్ని ఆపుతాడు, ఇంకొకడు కొడతాడు. ఏ రకంగా కొట్టాలో నెట్టేవాడు ముందే అరిచి చెప్పాలి. మేం ఆడే కంపెనీల లీగ్‌లో అన్ని జట్లకూ హిందీ వచ్చు, కాబట్టి హిందీలో అరిస్తే దొంగకు తాళం చెవి ఇచ్చినట్టే. తెలుగువాళ్లున్న జట్టు మాదొక్కటే. అందుకని మస్తాన్ భాయ్ మా భోజనం వరసనే సిగ్నల్‌గా పెట్టాడు. పప్పు అంటే నేరుగా కొట్టడం. పులుసు అంటే, ఆపినవాడు కొట్టేవాడికి వదులుతున్నట్టు నటించి పక్కవాడికి జార్చడం. మజ్జిగ అంటే బంతి తిరిగి నెట్టినవాడి దగ్గరికే రావడం. జట్టులో మలయాళీలు, పాకిస్తానీలు కూడా ఉండేవారు. వాళ్లకు తెలుగులో వచ్చినవి ఆ మూడు మాటలే. నెట్టేవాణ్ణి నేను, అరిచేవాణ్ణీ నేనే. నేను 'పులుసు' అని కేకేస్తే అవతలి జట్టు తెల్లమొహం వేసేది.

ఒక సీజన్ సగంలో ఉండగా నిజ్వా వైపు ఒక క్లబ్బు నుంచి నాకు పిలుపు వచ్చింది. అది ఒమానీ క్లబ్బుల లీగ్, దేశం తరఫున ఆడినవాళ్లతో ఆట. పైగా రేపు కాళ్లు ఆగిపోయినా ఆట నేర్పే పనిలో పెట్టుకుంటామన్నారు. అయితే వెంటనే రావాలి. కంపెనీ కాంట్రాక్టు ఇంకా మిగిలే ఉంది. వదిలించుకోవాలంటే వాళ్లు నా మీద పెట్టిందంతా కట్టి పోవాలి. ఊళ్లో ఇంటి స్లాబు కోసం దాచింది దానికి సరిపోతుంది. స్లాబు ఆగిపోతుందని తెలిసి మా అక్క ఫోన్లో నోటికొచ్చినట్టు తిట్టింది. రూమ్‌లో వాళ్ల మాటలు అంతకంటే గట్టిగా తగిలాయి. జట్టు గెలుస్తున్నప్పుడు మధ్యలో పోతే మిగిలినవాళ్ల సగం డ్యూటీ ఏం కావాలి? అందులో న్యాయం ఉంది, అందుకే భాయ్ దగ్గరికి పోయాను. ఆయన మెస్ బయట బకెట్ తిరగేసి కూర్చుని ప్యాడ్ల పట్టీలు కుట్టుకుంటున్నాడు.

"భాయ్, ఏం జెయ్యమంటవు?"

"నన్నేంటికి అడుగుతాండావు? కాళ్లు నీవి."

"ఉప్పు దిన్న ఇంటికి ద్రోహం అంటున్నరు అందరు."

"ఉప్పు తిన్యావు, చెమట పోసినావు. ఆడికి సరిపోయినాది." దారం పళ్లతో తెంపాడు. "నాగ్గూడా ఒగసారి పిలుపొచ్చినాది అబ్బీ. సీజన్ అయిపోనీలే అనుకుంటి. సీజన్ అయిపోయినాది. వాళ్లు మళ్ల పిలవలే."

ఆ మాట ఆయన బాధగా అనలేదు, బస్సు తప్పిపోయిందని చెప్పినట్టు చెప్పాడు. అంతలోనే వేలు చూపించి, "అయితే ఒగటి. పొయ్యేవాడు జాగా ఖాళీ పెట్టి పోగూడదు. నీ జాగాలో నిలబడేవాణ్ణి తయారు చేసి పో" అన్నాడు.

మర్నాడు నా వెంట ముదీర్ గదికి ఆయనే వచ్చాడు. ముదీర్ అంటే మా మేనేజర్. సీజన్ ముగిసేదాకా సంతకం పెట్టేది లేదు పొమ్మన్నాడు. భాయ్ నిదానంగా తన హిందీలో, మనసు లేనివాణ్ణి మైదానంలో నిలబెడితే పదిమందితో ఆడినట్టే సాబ్, ఆ పదిమందితో నేను ఆడిస్తాను, వీణ్ణి పోనివ్వండి అన్నాడు. భాయ్ తన జట్టు కాలు తనే నరుక్కుంటున్నాడని ముదీర్‌కు అర్థం కాలేదు, సంతకం పెట్టేశాడు. నాకు అర్థమైంది, తలెత్తలేకపోయాను.

నా జాగాకు సాయిలును ఎంచుకున్నాం. జగిత్యాల మనిషి, ఇనుప చువ్వలు కట్టే పని. చేతులు గట్టివి, గొంతు మాత్రం లేవదు. 'పప్పు' అంటే మెస్‌లో ఇంకో గరిటె అడిగినట్టు ఉండేది. మేమంతా నవ్వితే ఇంకా ముడుచుకుపోయేవాడు. భాయ్ గోల్‌లోంచి నడిచి వచ్చి, "అడుక్కుంటాండావేందిరా? వడ్డిస్తాండావు నువ్వు. వడ్డించేవాడి మాదిరి అరువు" అన్నాడు. రోజూ సాయంత్రం సాయిలు వడ్డించాడు. నేను బయల్దేరేనాటికి వాడి పులుసు అవతలి రోడ్డు దాకా వినిపించేది.

బస్సు దగ్గరికి భాయ్ ఒక్కడే వచ్చాడు. రెండు చేతులూ పట్టుకుని "కహా సునా మాఫ్" అన్నాడు. ప్రయాణం ముందు వాళ్లలో అలా అంటారు, ఏదైనా అనుంటే విని ఉంటే మన్నించమని. పోతున్నవాణ్ణి నేను, అడగాల్సినవాణ్ణీ నేనే. ఆయనే ముందు అడిగేశాడు.

కొత్త క్లబ్బులో కుదురుకున్నానో లేదో, రెండు లీగులూ కలిసే టోర్నీ సెమీఫైనల్లో మా పాత జట్టే ఎదురుపడింది. ఫైనల్‌కు రాకపోతే సగం డ్యూటీ రద్దని ముదీర్ అన్నట్టు ముందే నా చెవిన పడింది. మా కోచ్, మితంగా మాట్లాడే ఒమానీ పెద్దాయన, వాళ్ల ఆట గురించి అడిగాడు. ఎవరు గట్టిగా కొడతారో, ఎవరు తొందరగా అలసిపోతారో చెప్పాను. సిగ్నళ్ల సంగతి అడిగితే, "అది నేను చెప్పలేను సార్. మైదానంలో నా పని నేను చేస్తాను" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి ఇంక అడగలేదు.

ఆట చివర్లో మేం ఒక గోల్ ముందున్నాం. వాళ్లకు పెనాల్టీ కార్నర్ వచ్చింది. అందరికంటే ముందు పరిగెత్తి బంతికి అడ్డుపడే పని నాది. గోల్ గీత మీద, నాకు పది అడుగుల దూరంలో, బంతి పెట్టుకుని సాయిలు. నన్ను చూసి ఆగిపోయాడు. తిరిగి అవతలి గోల్ వైపు చూశాడు. అంత దూరంలో మస్తాన్ భాయ్ చెయ్యెత్తి, కానీ అన్నట్టు ఊపాడు. అప్పుడు సాయిలు గొంతెత్తి వడ్డించాడు.

"పులుసూ!"

మైదానంలో మా వైపు ఆ మాట అర్థమైనవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక్క అడుగు ఆలస్యం చేస్తే చాలు, ఎవరికీ తెలియదు. ఎండలో సిమెంటు మోసే ఆ చేతులన్నీ నాకు తెలుసు. కానీ నా ఒంటి మీదున్న జెర్సీ వేరు, వెనక గోల్‌లో నన్ను నమ్మి నిలబడ్డవాడూ వేరు. కాళ్లు పరిగెత్తాయి. మా మిగతా వాళ్లంతా కొట్టేవాడి మీదికి పోయారు, నేనొక్కణ్ణే పక్కవాడి మీదికి పోయాను. బంతి నా కర్రకు తగిలి గోల్ పక్కనుంచి గీత దాటి బయటికి పోయింది. నేను టర్ఫ్ మీద పడి జారిపోయాను. ఆట ముగిసింది.

మోకాలు గీసుకుపోయి రక్తం కారుతోంది. తల వంచుకుని కూర్చున్నాను. అవతలి గోల్ నుంచి ప్యాడ్లు టపటపలాడించుకుంటూ మస్తాన్ భాయ్ మైదానమంతా దాటి వచ్చాడు. తన జట్టు దగ్గర ఆగలేదు. చప్పుడు చేసే ఆ మోకాళ్ల మీద నా ముందు కూలబడి, బాటిల్ తీసి నా గాయం మీద నీళ్లు పోశాడు.

"పులుసు కారంగా ఉండాదా?"

"భాయ్, నేను ఎవ్వలకు చెప్పలే."

"తెలుసు. సూసినా."

"చెవుల వడ్డది. ఉరికిన."

"ఇనపడి గూడా నిలబడుంటే ఈ బాటిల్‌తోనే కొట్టేవాణ్ణి."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. సాయిలు మా పక్కనుంచే తల తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ వారం నుంచే వాళ్లకు పూర్తి డ్యూటీ పడింది. చాలాకాలం సాయిలు నా ఫోన్ ఎత్తలేదు. ఎత్తకపోవడం తప్పని నేనూ అనుకోలేదు.

భాయ్ మోకాళ్లు ఇక లాభం లేదని కడపకు వెళ్లిపోయే రోజు బౌషర్ వెళ్లాను. రూమ్ ముందు సాయిలు ఆయన అట్టపెట్టెలకు తాడు బిగిస్తున్నాడు, ఇనుప చువ్వలు కట్టినంత గట్టిగా. నన్ను చూసి తాడు రెండో కొస నా చేతికిచ్చాడు. ఇద్దరం ముడి వేస్తుంటే వాడే మొదలుపెట్టాడు.

"అన్నా, ఆ ఆట ముంగట మేమందరం భాయ్‌ని బతిలాడినం, సిగ్నల్ మాటలు మార్చుదమని. ఇనలే. 'మార్చినామంటే వాడు దొంగ అని మనమే అన్నట్ల' అన్నడు."

"మరి ఓడిపోయినంక?"

"అప్పుడు సుత మార్చలే. నేనే కోపంల పోయి అడిగిన. ఏమన్నడో ఎరికేనా? 'నలుగురూ పులుసు దిక్కు పరిగెత్తింటే వాడు చెప్పినట్ల. వాడొక్కడే వచ్చినాడు, మిగిలినోళ్లంతా పప్పు దిక్కు పోయినారు. వాడు చెప్పలేదని ఇప్పుడు కండ్లారా సూస్తిమి గదా, ఇంగేంటికి మార్చేది' అన్నడు."

ముడి వేయడం ఆపేసి అలాగే నిలబడిపోయాను. తన జట్టు ఓడిపోతున్న ఆ క్షణంలో, మైదానం అవతలి చివర నుంచి ఆయన చూసింది బంతిని కాదు. లోపల భాయ్ టోపీ వెతుక్కుంటూ ఎవరి మీదో గొణుగుతున్నాడు. ఈసారి నేనే ముందు వెళ్లి చేతులు పట్టుకుని కహా సునా మాఫ్ అన్నాను. "నీ ఉచ్చారణ మాఫ్ చేసేదానికి అయ్యేది కాదప్పా" అని నవ్వాడు.

నిన్న సయీద్ ఇంకా జవాబు కోసం ఎదురు చూస్తున్నాడు. నీళ్ల గొట్టాలు ఆగిపోయాయి, టర్ఫ్ నిగనిగలాడుతోంది.

"వద్దు. సిగ్నళ్లు అలాగే ఉండనీ" అన్నాను.

"మరి వాడి వల్ల ఓడిపోతే?"

"ఓడిపోతే, వాడొక్కడే సరైన దిక్కుకు పరిగెత్తాడా, నలుగురూ పరిగెత్తారా అది చూద్దాం."

సయీద్‌కు ఏమీ అర్థం కాలేదు. అవతలి గోల్ దగ్గర, వెళ్లిపోయేవాడు తన జాగాలోకి వచ్చేవాడికి బంతి నెట్టడం నేర్పుతున్నాడు. పోయేముందు అది నేను పెట్టిన షరతు. కొత్తవాడి గొంతు ఇంకా సరిగ్గా లేవడం లేదు. నేను లేచి వాడి దగ్గరికి వెళ్లి, వడ్డించేవాడి మాదిరి అరవమని చెప్పాను.